ఆయాసం – ఒక హెచ్చరిక

మే నెలలో ఒక సాయంకాలం. ఎండ తగ్గినా వేడి తగ్గలేదు. చలికాలంలో కళాశాల మైదానాన్ని నాలుగుసార్లు సునాయాసంగా చుట్టివచ్చిన విద్యార్థి, నేడు రెండో చుట్టుకే రొప్పుతున్నాడు. గాలి చాలడం లేదని అతడు భావిస్తున్నాడు. ఈ ఆయాసం నిజంగా గాలి చాలకపోవడం వల్ల కలిగినదేనా?

విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం నిమిషానికి సుమారు 12 నుంచి 16 సార్లు శ్వాసిస్తాం. ఒక్కొక్క శ్వాసలో దాదాపు అర లీటరు గాలి లోపలికి వెళ్తుంది. అంటే నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు. తీవ్రంగా శ్రమించినప్పుడు ఇది 100 లీటర్లకు చేరవచ్చు. ఈ మార్పును నిర్వహించేది మెదడు అడుగు భాగంలోని శ్వాసకేంద్రం. ఆక్సిజన్ కొరత వల్లనే శ్వాస వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. కాని సాధారణ పరిస్థితులలో శ్వాసను ప్రధానంగా నియంత్రించేది కార్బన్ డయాక్సైడ్ అని హాల్డేన్, ప్రీస్ట్‌లీ అనే శాస్త్రజ్ఞులు 1905లో వెల్లడించారు. పరుగు మొదలుకాగానే మెదడు నుంచి, కదులుతున్న అవయవాల నుంచి శ్వాసకేంద్రానికి సంకేతాలు అందుతాయి. అందువల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోక ముందే శ్వాస వేగాన్ని పుంజుకుంటుంది.

కండరాలు వినియోగించే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడిగా వెలువడుతుంది. ఆ వేడిని గుర్తించిన మెదడు, చర్మానికి రక్తప్రసరణను పెంచి చెమట పట్టిస్తుంది. కుక్క నాలుక చాచి రొప్పుతూ తన వేడిని తగ్గించుకుంటుంది. మనిషికి ఆ పని చేసేది ప్రధానంగా చెమటే. అయినప్పటికీ శరీరంలోని వేడి పెరిగేకొద్దీ మన శ్వాస కూడా అవసరాన్ని మించి వేగవంతమవుతుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ అధికంగా బయటకు పోతుంది. దానితో మెదడులోని రక్తనాళాలు సంకోచిస్తాయి. తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆరోగ్యవంతుని రక్తంలో ఆక్సిజన్ మాత్రం దాదాపు తగ్గదు. కాబట్టి ఆ విద్యార్థికి కొరవడినది గాలి కాదు, చల్లదనం.

చెమట పట్టినంత మాత్రాన శరీరం చల్లబడదు. అది ఆవిరి కావాలి. గాలిలో తేమ అధికమైతే చెమట ఆరదు. సముద్రతీర ప్రాంతాలలోని ఉక్కపోత ఇందుకే ప్రమాదకరం. పొడి వేడిలో చెమట త్వరగా ఆరినా, శరీరంలోని నీరు వేగంగా తగ్గిపోతుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేయిమందికి పైగా మరణించారు.

వేసవిలో పరుగు సాధన చేసేవారు మొదటి రోజునే పట్టుదలకు పోరాదు. ఒకటి రెండు వారాలపాటు శ్రమను క్రమంగా పెంచితే శరీరం వేడికి అలవాటుపడుతుంది. చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం ప్రారంభిస్తుంది. అసాధారణమైన ఆయాసం కలిగినప్పుడు బలవంతంగా శ్వాస పీల్చడం వల్ల ప్రయోజనం లేదు. వెంటనే ఆగి, నీడకు చేరి, నీరు త్రాగాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. అటువంటి వ్యక్తి శరీరాన్ని చల్లని నీటితో తడుపుతూ, గాలి విసరుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. స్పృహలేని వ్యక్తి నోట నీరు పోయరాదు.

ఆయాసం బలహీనతకు గుర్తు కాదు. అది శరీరం చేసే హెచ్చరిక. దానిని గౌరవించడం విజ్ఞుల లక్షణం.