సంతకమే సమ్మతి కాదు

శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రివారు ఒక కాగితము చూపి సంతకము చేయుమందురు. అది రసీదు వంటిదని మనలో పలువురు తలచుచున్నాము. నిజమునకది మన శరీరముపై మనకు గల హక్కునకు సంబంధించిన పత్రము. విషయమును తెలిసికొని, బలవంతము లేక ఒప్పుకొనుటయే సమ్మతి. ఉర్దూలో దీనిని రజామందీ అందుము. మనస్సు ఇష్టపడుట అను భావము ఆ మాటలోనే ఉన్నది.

తెలిసికొనవలసినదేమి? 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీనిని స్పష్టపరచినది. చికిత్స ఎట్టిది, ప్రయోజనమేమి, వేరు మార్గములు కలవా, ముఖ్యమైన ప్రమాదములేవి, వద్దనుకొన్నచో కలుగు నష్టమేమి అను సంగతులను వైద్యుడు రోగికి తెలుపవలెను. ఆ వ్యాజ్యములో రోగి లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకొన్నది గాని గర్భాశయమును తొలగించుటకు ఒప్పుకొనలేదు. ఆమె మత్తులో ఉండగా తల్లిని అడిగి దానిని తొలగించిరి. రోగి పెద్దది, మెలకువ వచ్చిన పిదప ఆమెనే అడుగవచ్చును. కావున తల్లి సమ్మతి చెల్లదని న్యాయస్థానము తేల్చినది. ప్రాణమును, ఆరోగ్యమును కాపాడుటకు ఆలస్యము పనికిరాని సమయమున మాత్రమే మినహాయింపు కలదు.

దంతవైద్యమునకును ఇదే నియమము. క్రింది జ్ఞానదంతమును తీయునపుడు ఒక్కొక్కసారి నరము దెబ్బతిని పెదవి తిమ్మిరెక్కవచ్చును. ఈ సంగతి ముందుగా చెప్పవలెను. కుర్చీలో కూర్చుండి నోరు తెరచినంత మాత్రమున అన్నిటికి ఒప్పుకొన్నట్లు కాదు.

సమ్మతి పేరునకే మిగిలిన ఉదంతము తెలుగునాటనే జరిగినది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణ టీకాను ఒక పరిశీలన పథకము క్రింద వేసిరి. 9,543 సమ్మతి పత్రములలో 1,948 పత్రములపై వేలిముద్రలు, 2,763 పత్రములపై హాస్టలు వార్డెన్ల సంతకములు ఉన్నవని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము వెల్లడించినది. టీకా మంచిదా కాదా అన్నది వేరు ప్రశ్న. తల్లిదండ్రులను అడుగక వార్డెను చేసిన సంతకము వారి సమ్మతి కాజాలదు.

విద్యార్థులారా! మన ఇండ్లలో ఆసుపత్రి కాగితమును చదువగలవారు తరచుగా మీరే. అమ్మీజాన్‌కైనను, నాయనమ్మకైనను దానిని వారి భాషలో చదివి వినిపింపుడు. అర్థము కానిచో వైద్యుని మర్యాదగా అడుగుడు. వారి బదులు మీరు నిర్ణయింపకుడు. వారు నిర్ణయించుకొనుటకు తోడ్పడుడు. మన చదువునకు ఇంతకంటె దగ్గరి ప్రయోజనము వేరొకటి కనబడదు.