కావలి లేని వేళ బూజు

రొట్టెముక్కను నాలుగు రోజులు మరచిపోతే దానిమీద నల్లని నూగు లేస్తుంది. బూజు పట్టిందని పారవేసి చేతులు కడుక్కుంటాము. కాని ఆ బూజు తాలూకు రేణువులు మనము పీల్చే గాలిలో నిత్యమూ తేలుతూనే ఉంటవి. అయినా మనకేమీ కావటం లేదంటే, రక్తంలోని తెల్లకణాలు కావలి కాస్తున్నవి గనుకనే.

ఆ కావలి బొత్తిగా లేని రోజులు కొందరికి వస్తవి. రక్తపు క్యాన్సరుకు మూలుగ మార్పిడి చేయటం కద్దు. ఈ చికిత్సకు పునాది వేసిన అమెరికా వైద్యుడు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమానం లభించింది. ముందుగా ఘాటైన మందులతో రోగి మూలుగను తుడిచిపెట్టి, పిమ్మట మూలకణాలను రక్తనాళంలోనికి ఎక్కిస్తారు. అవి కుదురుకొనటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా, మైక్రోలీటరు రక్తంలో వేలలో ఉండవలసిన న్యూట్రోఫిల్ కణాలు 500 కంటె దిగువకు పడిపోతవి. అందుకే ఆ గదులలోనికి గాలిని వడగట్టి పంపుతారు. పూలగుత్తులు సైతం రానివ్వరు. చూడవచ్చిన చుట్టాలు నొచ్చుకున్నా సరే!

ఇంత చేసినా బూజు దూరవచ్చును. తరచుగా వచ్చేది ఆస్పర్జిల్లస్. దానికి వొరికొనజోల్ అనే మంచి మందున్నది. చిక్కంతా అరుదైనవాటితోనే. 2021లో కరోనా వేళ “బ్లాక్ ఫంగస్” అని మనలను హడలగొట్టినది రొట్టె బూజు బంధువర్గమే. దానిమీద వొరికొనజోల్ పనిచేయదు, ఆంఫోటెరిసిన్ కావాలి. అరటికీ పత్తికీ ఎండు తెగులు తెచ్చే ఫ్యుసేరియం జాతి, చెడిన కాలిగోటి సందునుంచి కూడా రక్తంలో ప్రవేశించగలదు. లోమెంటోస్పోరా అనే మరొకటి దాదాపు ఏ మందుకూ లొంగదు.

కనుక ముందు శత్రువు పేరు తెలియాలి. స్కానింగులో కనిపించే మచ్చను చూసి అది ఆస్పర్జిల్లసో, రొట్టె బూజో నిశ్చయంగా చెప్పలేరు. సూది గుచ్చి ముక్క తీసి చూద్దామా అంటే, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు కూడా ఆ రోజులలో అడుగంటి ఉంటవి. గుచ్చినచోట రక్తం ఆగకపోవచ్చును. గుచ్చకపోతే ఏ మందు ఇవ్వాలో తెలియదు. ఆగుదామంటే రొట్టె బూజు వ్యవధి ఇవ్వదు. ఇటువంటప్పుడు పేరు తేలకముందే ఆంఫోటెరిసిన్ మొదలుపెడతారు, అది మూత్రపిండాలను బాధిస్తుందని తెలిసీ.

మందు ఎంత మంచిదైనా, తెల్లకణాలు తిరిగి పుట్టుకొచ్చిననాడే పోరు రోగివైపు మొగ్గుతుంది. అందుకనే అక్కడ ప్రతి ఉదయం రక్తపరీక్ష కాగితంకోసం ఇంటిల్లిపాదీ కాచుకొని కూర్చుంటారు. నిన్న 100, ఇవాళ 300.