లటాయి పట్టేది చెల్లెలే

బడ్జ్ బడ్జ్ పీజీ కుర్రాడికి చదువు తర్వాత గాలిపటమే లోకం. అదే ఇంట్లో అమ్మాయి సరదాకు మాత్రం ఇట్టే రేటు కట్టేస్తున్నారు.

సెప్టెంబరు 17 వచ్చిందంటే బడ్జ్ బడ్జ్‌లో పుస్తకాలు అటకెక్కుతాయి. మనకు గాలిపటం సంక్రాంతి ముచ్చట. కోల్‌కతా దాటాక హుగ్లీ ఒడ్డునున్న ఈ మిల్లుల ఊళ్లో అది విశ్వకర్మ పూజ నాటి పండుగ. ఒకప్పుడు శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి మనవాళ్లు గోనె నేతకు వలస వెళ్లిన తీరమిది. ఆ రోజు జూట్ మిల్లుల్లో యంత్రాలకు పూలదండలు పడతాయి. మేడల మీదికి ఎం.ఏ., ఎమ్మెస్సీ కుర్రాళ్లు చేరతారు. సెమిస్టరు, నెట్ పరీక్ష అన్నీ బంద్. ఎదుటి మేడవాడి దారం తెగిందా, ‘భో కాట్టా’ అన్న కేకతో వీధి మోగిపోతుంది.

ఎగరేయడం ఒక్కరోజు సంబరమే. అసలు హాబీ అంతకు చాలా ముందే మొదలవుతుంది. అది మాంజా తయారీ. పగిలిన సీసానో, పాడైన ట్యూబులైటునో దంచి, గుడ్డలో జల్లించి పిండిలా మెత్తగా చేయాలి. సగ్గుబియ్యం జావ కాచి, రంగు, గాజుపొడి కలిపి ముద్ద చేయాలి. రెండు స్తంభాల మధ్య నూలుదారం బిగించి, ఆ ముద్దను గుడ్డలో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు రుద్దుతూ నడవాలి. గాజు ఎక్కువైతే దారం పెళుసెక్కుతుంది. తక్కువైతే ఎదుటి దారాన్ని కోయదు. దారం వదులుతూ కోసేవాడికి ఒక పాకం, లాగి కోసేవాడికి మరో పాకం. ఈ పాళ్లు ఏ పుస్తకంలోనూ దొరకవు, వేళ్లు తెగుతుంటేనే తెలుస్తాయి. పటాలకూ పేర్లున్నాయి. రెండు రంగులదైతే పేట్‌కాటి, చందమామ గుర్తుంటే చాందియాల్. ఈ శ్రద్ధలో సగం సిలబస్ మీద పెట్టరాదా అని తల్లులు గొణగడంలో వింతేమీ లేదు.

ఈ సరదాకు రాచ మూలాలున్నాయి. 1856లో బ్రిటిష్‌వారు అవధ్‌ను కాజేశాక గద్దె దిగిన నవాబు వాజిద్ అలీ షా, బడ్జ్ బడ్జ్ వెళ్లే దారిలోని మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డారు. వంటవాళ్లను, సంగీత విద్వాంసులను వెంట తెచ్చుకున్నారు. వారితోపాటే లక్నో గాలిపటమూ వచ్చింది. (కోల్‌కతా బిర్యానీలో బంగాళాదుంప కూడా ఆ వంటశాల చలవేనంటారు.)

ఇప్పుడా చేతి విద్యకు ‘చైనా మాంజా’ అనే నైలాన్ దారం గండికొట్టింది. చవక, రుద్దే పనిలేదు, ఓ పట్టాన తెగదు. తెగకపోవడమే ప్రాణాంతకం. కోల్‌కతాలోని మా ఫ్లైఓవర్ మీద వెళ్లే బైకు ప్రయాణికుల మెడలు, ముఖాలు కోసుకుపోవడంతో పక్కన కంచె బిగించాల్సి వచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో ఈ దారాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా అడిగినవాడికి అందుతూనే ఉంది. ఎం.ఏ. దాకా చదివినవాడు కూడా ఆ దారం కొంటే సరదా అని సరిపెట్టుకోలేం.

మిగతా విలాసాలు చాలా చవకవి. శియాల్దాకు లోకల్ రైల్లో దాదాపు గంట ప్రయాణం. రానూపోనూ ఫుట్‌బాల్ వాదనలు, పేకాట, ఆవనూనె ఘాటుతో మరమరాల ఝాల్‌మూరీ. కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల బేరం. ఎవరో ఒక మిత్రుడు లిటిల్ మ్యాగజైన్ నడుపుతూనే ఉంటాడు. ఇలాంటి పిచ్చి ఎంత దూరం వెళ్తుందో సందీప్ దత్తా చూపించారు. 1972లో నేషనల్ లైబ్రరీలో పారేయడానికి గుట్టపోసిన చిన్న పత్రికలు ఆయన కంటపడ్డాయి. అప్పటికాయనకు ఇరవయ్యేళ్లు దాటాయంతే. అప్పటి నుంచి సేకరించడం మొదలుపెట్టి 1978లో టేమర్ లేన్‌లోని సొంతింట్లోనే లైబ్రరీ తెరిచారు. 2023లో కన్నుమూసేదాకా నడిపారు. ఒక కుర్రాడి వ్యసనం పరిశోధకులకు ఆకరమైంది.

మరి ఈ సరదాల జాబితాలో అమ్మాయి ఎక్కడ? మేడ మీద చూస్తే ఆమె చేతిలో లటాయి, అంటే దారం చుట్టే చరఖా ఉంటుంది. అన్న వదలమంటే వదలాలి, చుట్టమంటే చుట్టాలి. పటం అన్నది, పట్టు చెల్లెలిది. తానే పటం ఎగరేసే అమ్మాయిలు లేకపోలేదు గానీ వారిని చూసి ఇరుగుపొరుగు ఇంకా తల తిప్పుతారు.

ఆమెకూ ఇష్టాలున్నాయి. పాత చీరల పొరలు కలిపి కుట్టే కాంథా, తడి బియ్యప్పిండితో వేసే అల్పన, ఓ మూల కుట్టుమిషను. తేడా వచ్చేది ఈ మిషను దగ్గరే. మెటియాబ్రుజ్ నుంచి మహేశ్‌తలా దాకా ఈ ప్రాంతం దేశంలోని పెద్ద రెడీమేడ్ దుస్తుల కేంద్రాల్లో ఒకటి. ఓస్తాగర్ అనే దర్జీ మేస్త్రీ కత్తిరించిన గుడ్డను కుట్టడానికి ఇళ్లకు పంపుతాడు. కుట్టు వచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే, పీసుకింత అని లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టదు. అన్న రుద్దే మాంజాకు అలా ఎవరూ లెక్క కట్టరు. పైగా డిగ్రీల మీద భరోసా సడలింది. బెంగాల్ బడుల్లో 2016 నియామక ప్రక్రియ ద్వారా భర్తీ అయిన దాదాపు 25 వేల ఉద్యోగాలను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో ముందుగా డబ్బుగా మారేది ఆడపిల్ల తీరికే.

పక్కనే నుంగీ, చింగ్రిపోతాల్లో బాణసంచా ఇంటి పరిశ్రమ. కాళీ పూజకు చిచ్చుబుడ్డి కూరి ఎవరిది ఎత్తుకు ఎగసిందో పోటీపడటం బెంగాల్ కుర్రాళ్లకు పాత సరదా. ఇక్కడ అదే పని చాలా కుటుంబాలకు కూడు పెడుతోంది. 2023 మే 21న చింగ్రిపోతాలో మందుగుండు పేలి ముగ్గురు చనిపోయారు. ఇద్దరు మహిళలు, ఒక బాలిక.

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తేమీ కాదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు అల్లికల మీద పుస్తకం రాశారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును గంటల తరబడి అల్లే గోదావరి ఆడవాళ్లు లెక్కల్లో గృహిణులుగానే మిగిలారని, వారి శ్రమకు ‘తీరిక వేళల పని’ అని పేరుపెట్టి కూలీ తగ్గించారని అందులో చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. హుగ్లీ ఒడ్డున కుట్టే పిల్లకు అలాంటి పేరూ లేదు.

దుర్గా పూజకు ముందు కొత్త బట్టల గిరాకీతో ఓస్తాగర్ దగ్గర పని తెమలదు. విశ్వకర్మ పూజ సరిగ్గా ఆ హడావుడిలోనే వస్తుంది. మధ్యాహ్నం దాకా మిషను తొక్కి, గాలి అందుకునే వేళకు అన్న పిలిస్తే అమ్మాయి మేడెక్కుతుంది, లటాయి పట్టుకోవడానికి.