మీ పిల్లి ముక్కుతోందా? తాత్సారం చేయకండి!

పిల్లి తన బాధ పైకి చెప్పుకోదు. ఒంట్లో బాగా లేకపోతే మంచం కిందో, బీరువా వెనకో నక్కి పడుకుంటుంది. అందుకే దాని మూత్రం సంగతి మనమే కనిపెట్టి ఉండాలి. ఇదేం ముచ్చటని నవ్వకండి. మగపిల్లి విషయంలో ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం.

గుర్తుపట్టడం ఎలా?

ఇసుక ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కడం, ఒకటి రెండు చుక్కలే రావడం, మూత్రంలో ఎర్రజీర, అరుపులు, మూత్రద్వారాన్ని అదేపనిగా నాకడం – ఇవీ లక్షణాలు. ఎన్నడూ లేనిది బాత్‌రూమ్ గచ్చు మీదో, ఉతికిన బట్టల మీదో పోస్తే పొగరనుకుని కొట్టకండి. అది నొప్పివల్ల కావచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. మలబద్ధకమనుకుని ఆముదం పట్టిస్తారు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు కలిసి బిరడాలా అడ్డుపడితే చుక్క కూడా రాదు. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కాబట్టి ముక్కుతున్నా మూత్రం రాకపోతే, 'తెల్లారాక చూద్దాంలే' అనుకోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. పొట్ట నొక్కకండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ వేయకండి. పిల్లికి అది విషం.

రాకుండా ఏం చేయాలి?

* నీళ్లు: పిల్లి స్వతహాగా నీళ్లు తక్కువ తాగుతుంది. వెడల్పాటి గిన్నెల్లో రెండు మూడు చోట్ల నీళ్లుంచి, రోజూ మార్చండి. పాలు నీళ్లకు బదులు కావు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా.

* తిండి: పొడి ఆహారంలో నూటికి 10 పాళ్లే నీరు. డబ్బాల్లో దొరికే తడి ఆహారంలో 75 పాళ్ల పైనే. వీలైనంత తడి తిండే పెట్టండి. చేప ఉడికించినప్పుడు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి పడకముందే కాస్త తీసి, ముళ్లు ఏరి, ఆ నీళ్లతోనే పెట్టవచ్చు.

* ట్రే: రోజూ శుభ్రం చేయాలి. రెండు పిల్లులుంటే మూడు ట్రేలు పెట్టడం మేలు.

* బెదురు: ఇల్లు మారడం, చుట్టాల హడావుడి వల్ల కూడా ఈ బాధ రావచ్చు. దాక్కోవడానికి ఓ అట్టపెట్టె ఇవ్వండి. కాసేపు ఆడించండి, ఒళ్లు రాకుండా చూడండి.

ఒకసారి వచ్చిన పిల్లికి మళ్లీ వచ్చే అవకాశం ఉంది. అందుకని పొద్దున్నే పాలగిన్నె చూసుకున్నట్టే ఇసుక ట్రేనూ చూసుకోండి. తడి ఎప్పటిలాగే ఉందా, లేదా? రోజూ ఆ ఒక్క చూపు చాలు, ముప్పు ముందే పసిగట్టడానికి!