కలసి చేసిన కసరత్తు

ఆరోగ్యమే మహాభాగ్యమను మాట వినని విద్యార్థి ఉండడు. అయినను సెలవులలో ఉత్సాహముతో వ్యాయామము ప్రారంభించినవారిలో ఎందరు నెల తిరుగునాటికి దానిని కొనసాగించుచున్నారని అడిగినచో, చేతులెత్తువారు కొద్దిమందియే ఉందురు. ఇందులకు సోమరితనమే కారణమని అందరును అందురు. ఒంటరితనము అంతకంటె పెద్ద కారణమని మా అభిప్రాయము.

మన పాత వ్యాయామశాలలు ఈ సంగతి ఎరిగినవే. తెలుగులోని ‘వస్తాదు’ ఉర్దూలోని ‘ఉస్తాద్’ నుండి, ‘కసరత్తు’ ‘కస్రత్’ నుండి వచ్చిన మాటలు. ‘తాలింఖానా’లోని ‘తాలీం’ అనగా శిక్షణ. ఉర్దూలో విద్యకును అదే మాట. అక్కడ ఎవరి దండీలు, బస్కీలు వారే తీసినను, వస్తాదు కన్ను అందరిపైనను ఉండెడిది. నిన్న రానివాడు నేడు కారణము చెప్పవలసి వచ్చెడిది.

శాస్త్రజ్ఞులును ఈ విషయమును చాల కాలముగా పరిశీలించుచున్నారు. 1898లో అమెరికా దేశీయుడు నార్మన్ ట్రిప్లెట్ సైకిలు పందెముల లెక్కలు చూచి, కాలముతో ఒంటరిగా పోటీపడినవారికంటె తోడుతో సాగినవారు వేగముగా పోయిరని గుర్తించెను. తరువాత పిల్లలచే గాలపు దారపు కండెలు త్రిప్పించి చూడగా, ప్రక్కన తోడున్నప్పుడు పలువురు వేగము పెంచిరి. కొందరు మాత్రము తొట్రుపడి వెనుకబడిరి.

అయితే గుంపు ఉన్నంతమాత్రమున చాలునా? చాలదు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు రింగెల్‌మాన్ 1913లో ప్రకటించిన ప్రయోగములలో, త్రాడు లాగువారి సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్కరి వంతు బలము తగ్గినది. అందరును ఒక్క ఊపున లాగలేకపోవుట ఇందులకు ఒక కారణము. ‘నేను లాగకున్నను మిగిలినవారు లాగుదురులే’ అను భావము మరియొకటియని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

దీనికి భిన్నమైన ఫలితమును 1920వ దశకములో జర్మనీ దేశీయుడు ఓటో కోలర్ చూపెను. బెర్లిన్‌లోని ఒక పడవ పందెముల సంఘము సభ్యులు బరువులెత్తుచుండగా, ఇద్దరు కలసి ఒకే బరువును మోయునట్లు ఆయన ఏర్పాటు చేసెను. బలహీనుడు చేయి వదలినచో ఇద్దరి పనియు ఆగును. అట్టి స్థితిలో బలహీనుడు ఒంటరిగా చేసినప్పటికంటె ఎక్కువసేపు నిలిచెను. అయితే ఇద్దరి బలములకు మధ్య అంతరము మరీ ఎక్కువైనచో ఈ మేలు తగ్గినది.

2009లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధన మరియొక విశేషమును తెలిపినది. పన్నెండుగురు పడవ క్రీడాకారులు యంత్రములపై ఒంటరిగాను, జట్టుగాను సమానమైన శ్రమ చేసిరి. జట్టుగా చేసిన పిమ్మట వారికి నొప్పిని ఓర్చుకొను శక్తి అధికముగా ఉన్నట్లు తేలినది. మెదడులో ఊరు ఎండార్ఫిన్లు ఇందులకు కారణము కావచ్చునని పరిశోధకులు భావించిరి.

వీటినిబట్టి మనకు తెలియునదేమి? జట్టు చిన్నదిగా ఉండవలెను. ఒక్కరు రాకున్నను లోటు కనబడవలెను. ఇంచుమించు సమాన శక్తి గలవారు జతకూడవలెను. వెనుకబడినవానిని ఎగతాళి చేయరాదు. తొట్రుపడినవాడు రేపు రాడు.

ఇది ఆటల పోటీలకొరకు చెప్పు మాట కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారముతో జరిగి 2023లో ప్రకటితమైన అధ్యయనము ప్రకారము, మన దేశములో మధుమేహ పీడితులు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. క్రమబద్ధమైన వ్యాయామము ఆ ముప్పును తగ్గించును. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వారమునకు ఐదు దినములు, దినమునకు అరగంట నడచినను చాలును. ఆ అలవాటు కళాశాలలో కుదురనిచో, ఉద్యోగము, సంసారము మీద పడిన పిమ్మట కుదురుట మరింత కష్టము.

కనుక విద్యార్థులు నలుగురైదుగురు చొప్పున జట్లు కట్టి, వేళ నిర్ణయించుకొని, నడకతోనైనను ప్రారంభింపవలెనని కోరుచున్నాము. ఉబ్బసము, గుండెజబ్బు మున్నగునవి గలవారు ముందుగా వైద్యుని సలహా తీసికొనవలెను. ఒంటరిగా వీధిలో నడచుటకు సంకోచించు విద్యార్థినులకు ఈ తోడు మరింత అవసరము. కళాశాల కమిటీవారు ఉదయము ఒక గంటసేపు మైదానపు గేటు తెరిపించి, విద్యార్థినులకు ప్రత్యేకముగా వేళ కేటాయించినచో, పెద్దగా ఖర్చు లేకయే ఈ పని ఆరంభమగును.