నాట్లేసిన మర్నాడు ఒళ్లు నొప్పులా?

గూడూరు ప్రాంతంలో వరి నాట్లయినా, నిమ్మతోటల్లో పాదులు తవ్వడమైనా తొలిరోజు బాగానే ఉంటుంది. మర్నాడు లేవబోతే నడుం, తొడలు పట్టేస్తాయి. చాన్నాళ్లుగా శ్రమ లేని కండరాల్లో సన్నని పోగులు దెబ్బతిని వాయడమే కారణం. వంగేటప్పుడు, బస్తా కిందికి దించేటప్పుడు కండరం సాగుతూ బరువు మోస్తుంది. అందుకే ఆ పనులతో నొప్పి ఎక్కువ. రెండు మూడు రోజులు ముదిరి, వారంలోపు దానంతటదే తగ్గుతుంది.

మొదటిరోజే పొద్దస్తమానం వంగకండి. అరపూటతో మొదలుపెట్టి పెంచండి. గంటకోసారి నడుం నిటారుగా చేసి నాలుగడుగులు వేయండి. నొప్పిగా ఉందని మంచం పట్టకుండా తేలికపాటి పనులు చేసుకోండి. వేణ్నీళ్ల స్నానం హాయినిస్తుంది. అలవాటుపడ్డ కండరం రెండోసారి అంత బాధించదు.

చెమటోడ్చి, ఖాళీ కడుపున నొప్పి బిళ్లలు మింగొద్దు. కడుపుకీ, మూత్రపిండాలకీ చేటు.

జ్వరంతో పిక్కలు సలిపి, కళ్లు ఎర్రబడితే అది పని నొప్పి కాదు. ఎలుకల మూత్రం కలిసిన కయ్య నీళ్లు కాలి పుండ్లకు తగిలి సోకే ఎలుక జ్వరం కావచ్చు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండరం బాగా చితికి ఉండొచ్చు. ఈ రెంటిలో ఏది కనిపించినా నాటు ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.