పంపు ఇంజను – పందెపు కారు

నీరు తోడు ఇంజనును కారునకు బిగింపవచ్చునా యని కుఱ్ఱవాండ్రు నన్నడుగుచుందురు. ఇంగ్లండులో అట్టిది జరిగినది. కావెంట్రీ క్లైమాక్సు కంపెనీవారు 1950 ప్రాంతమున మంటలార్పు పంపునకై తేలికయైన అల్యూమినియపు ఇంజను నిర్మించిరి. పిదప దానిని కార్లకు తగినట్లు మార్చిరి. విడిభాగములుగా కొని యింటనే కూర్చుకొనదగిన లోటస్ సెవెన్ అను చిన్నకారు 1957లో వెలువడగా, అందును ఆ యింజనును బిగించిరి.

మన బావియింజను మిక్కిలి బరువు. ముందుభాగము క్రుంగి, మలుపులో బండి మాట వినదు. పంపునకు ఒకే వేగము చాలును. చక్రములకు మిట్టనెక్క బలము, చదునున వేగము వలయును. అందులకు క్లచ్చి, గేరుపెట్టె ఉండవలెను. బావినీటితో చల్లబడు యంత్రమునకు కారులో రేడియేటరు కావలెను. పాత బ్రేకు క్రొత్త బలమునకు చాలదు. కావున మీ పిల్లలు ఈ పనికి పూనుకొన్నచో, బండి యెంత దూరములో నిలుచునో మొదట అడుగుడు.